మంగోలియాలో పోప్ ఫ్రాన్సిస్

మంగోలియా మొత్తంమీద కాథలిక్కులు సుమారు 1,450 మంది. మన దగ్గర ఓ పెద్దింటి పెళ్ళికే అంతకంటే ఎక్కువ జనం వస్తారు! అయినా 2023 సెప్టెంబర్ 1న, 86 ఏళ్ళ వయసులో పోప్ ఫ్రాన్సిస్ రాజధాని ఉలాన్‌బాతర్‌లో దిగారు. ఆ దేశంలో ఓ పోప్ అడుగుపెట్టడం అదే మొదటిసారి.

కమ్యూనిస్టు పాలన ముగిశాక 1992లో ముగ్గురు మిషనరీలు వచ్చేనాటికి అక్కడ చర్చి అన్నదే లేదు. ఇప్పుడున్న కతీడ్రల్‌ను సంచార పశుపోషకుల గుడారమైన 'గెర్' ఆకారంలో గుండ్రంగా కట్టారు.

ఆ ఆవరణలో వేసిన గెర్‌లో పోప్ ఒక మహిళను కలిశారు. ఆమె కథ వినదగ్గది. ఏళ్ళ క్రితం చెత్తకుప్పలో పనికొచ్చేవి ఏరుకుంటుంటే, గుడ్డలో చుట్టిన ఓ కొయ్యబొమ్మ దొరికింది. ఎవరి బొమ్మో తెలియకపోయినా ఇంటికి తెచ్చి భద్రంగా పెట్టుకుంది. అది మరియమాత విగ్రహమని తర్వాతెప్పుడో తెలిసింది. ఇప్పుడది కతీడ్రల్‌లో ఉంది.

ఈ చిన్న సంఘానికి పెద్ద దిక్కు ఇటలీకి చెందిన కార్డినల్ జార్జో మరెంగో. 2022 ఆగస్టు 27న, 48 ఏళ్ళకే ఆయన కార్డినల్ అయ్యారు. మన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీకి ఆ హోదా దక్కిందీ అదే రోజున.

ఆదివారం పూజ మాత్రం చర్చిలో కాదు, మంచు హాకీ ఆడే స్టెప్ అరీనాలో జరిగింది. సరిహద్దు దాటి చైనా నుంచి వచ్చిన విశ్వాసుల్లో కొందరు, గుర్తుపడతారేమోనని మాస్కులు తీయలేదు. మర్నాడు పోప్ ఇల్లూవాకిలీ లేనివారికీ, గృహహింస బాధితులకూ ఆశ్రయమిచ్చే 'హౌస్ ఆఫ్ మెర్సీ'ని ప్రారంభించి, రోమ్‌కు బయల్దేరారు.