వామి లెక్క



గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున నన్నును కొంత ప్రసంగింపుమనిరి. భారతము చెప్పునని కొందరు, లెక్కలు చెప్పునని కొందరు అనుకొనియుందురు. పశువుల మేతను గూర్చి చెప్పదలచితిని గనుక నేడు రెండును వచ్చును.

పాండవులు మారువేషములతో విరాటుని కొలువు చేరినప్పుడు సహదేవుడు తంత్రీపాలుడను పేర గోసంరక్షకుడయ్యెను. అతడు రాజునకు చెప్పుకొనిన యోగ్యతలలో నాకు మిక్కిలి నచ్చినది, మందల సంఖ్య తనకు తెలియుననుట. కర్ర పట్టి తోలువారు పదిమంది దొరకుదురు. లెక్క తెలిసిన కాపరి ఒక్కడు దొరకుట కష్టము. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోఅధ్యక్షుని ప్రకరణమొకటి కలదు. ముకుతాడు వేసిన ఎద్దునకు పచ్చిమేత యెంత, ఎండుగడ్డి యెంత, గానుగపిండి యెంత, తవుడెంత, ఉప్పెంత అని కొలతలతో సహా అందు వ్రాయబడినది. మనము నేటికిని “రెండు మోపులు వేయి” అందుము. ఆ మోపు ఎంత తూగునో వేసినవాడును ఎరుగడు, వేయించినవాడును ఎరుగడు.

శీతదేశములలో చలికాలమున పొలములు మంచుతో కప్పబడును. మాంసమునకై పశువులను పెంచు అచ్చటి రైతులు వేసవిలోనే గడ్డి కోసి, ఎండబెట్టి, తూచి దాచుకొందురు. చలి రాకముందే మందను పరీక్షించి, చూలు నిలువని ఆవులను అమ్మివేయుదురు. ఏలయనగా చలికాలపు మేత ఖర్చే వారి లాభనష్టములను తేల్చునది. మనకు మంచు లేదు. మన మంచు ఎండయే. మన జిల్లాకు సగటున కురియు వాన ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి మేఘమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య మేఘము సముద్రతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. సంక్రాంతినాటికి బీడుమీద పచ్చిక యుండదు. మరల తొలకరి కురిసి గడ్డి మూతికందువరకు ఆరు నెలలు, అనగా 180 దినములు, పశువు వామినే నమ్ముకొని బ్రదుకవలెను.

పూర్వము ఈ వామి జొన్నచొప్పతోను, కొర్రగడ్డితోను నిండెడిది. 1960 తరువాతి దశాబ్దములలో వేరుశనగ విస్తరించి ఆ పైరులను వెనుకకు నెట్టినది. బుడ్డల కట్టె మేతగా చొప్పకంటె బలమైనదే, కాదనను. కాని ఒక్క పైరుమీదనే ఆధారపడినచో వాన తప్పిన ఏట గింజయు పోవును, మేతయు పోవును. జొన్న కంకి పట్టకున్నను చొప్పయైనను మిగిలెడిది. ఈ భేదమును విత్తనములు కొనునాడు ఎవరును తలపరు. ఒక ఎకరమైనను జొన్నకో సజ్జకో విడువుడని మాత్రము నేను చెప్పగలను.

ఇక లెక్కలోనికి వత్తము. మూడు వందల కిలోల పైబడి తూగు పశువునకు దినమునకు సుమారు 7 కిలోల ఎండుమేత కావలెను. 180 దినములకు 1260 కిలోలు. ఒక జతకు రమారమి 25 క్వింటాళ్లు. గడ్డిని నరుకక పొడవుగా విసరినచో నాలుగవ వంతు కాళ్లక్రింద పేడలో కలియును. ఆ లెక్కన 25 క్వింటాళ్లు కడుపులోనికి పోవలెనన్న 33 క్వింటాళ్లు కొట్టమునకు చేరవలెను. ఈ ఎనిమిది క్వింటాళ్లను మిగుల్చుటకు కత్తియో, కోతయంత్రమో, ఎత్తైన గాడియో చాలును. పశుగ్రాసపు ఖర్చులో ఇంత సులువుగా తగ్గునది మరియొకటి నాకు కానరాలేదు.

వామిని తూచుటెట్లని అడుగుదురు. వామి వేయునాడే పది మోపులను తూచి సగటు తీయుడు. మోపుల సంఖ్యతో గుణింపుడు. అంతే. మన ఆడవారు ఏ మోపు ఎంత బరువో మెడతోనే చెప్పగలరు. వారినడిగినను తప్పు రాదు.

లెక్క తేలిన పిమ్మట కష్టమైన మాట ఒకటి చెప్పవలెను. వామి నాలుగు పశువులకు చాలి, కొట్టమున ఆరు ఉన్నచో ఆ రెంటిని సంక్రాంతికే అమ్మవలెను. “చూతము, దేవుడున్నాడు” అని ఫాల్గుణమువరకు లాగుదుము. అప్పటికి ఆరును చిక్కును. ఊరూర అందరును ఒకేమారు సంతకు తోలుదురు; కొనువాడు ఎముకలు లెక్కించి ధర చెప్పును. తొలకరినాడు అందరును ఒకేమారు కొనబోదురు. అమ్మువాడు ధర చెప్పును. ఈ రెండు ధరల నడుమ పోయిన సొమ్మును మనము మేత ఖర్చులో వ్రాయము. నిజమునకు మేత పద్దులో అన్నిటికంటె పెద్ద అంకె అదియే. అమ్మునది ముసలిదా, పాలు వట్టిపోయినదా, కోడెయా అనునది ఇంటివారు కూర్చుండి తేల్చుకొనవలసినది. అందు పరాయివాని సలహా పనికిరాదు. ముసలియెద్దును అమ్మనొల్లనివాని మనస్సును నేనెరుగుదును, అది తప్పనను. అయితే దానికి కావలసిన 1260 కిలోలను ముందుగానే వేరుచేసి యుంచుకొనవలెను.

కొనవలసివచ్చినప్పుడు బండి ధర చూడరాదు, సారము ధర చూడవలెను. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి సుమారు 3 పాళ్లు. మంచి వేరుశనగ కట్టెలో సుమారు 9. వరిగడ్డి కిలో 6 రూపాయలు, కట్టె కిలో 9 రూపాయలు అనుకొందము. నూరు కిలోల వరిగడ్డికి 600 రూపాయలిచ్చి 3 కిలోల మాంసకృత్తులు కొంటిమి. నూరు కిలోల కట్టెకు 900 ఇచ్చి 9 కిలోలు కొంటిమి. చౌక యనుకొన్నది రెట్టింపు ధర పడినది! ఆకు రాలిపోయి కాడలే మిగిలిన కట్టెకు, వానలో నాని బూజుపట్టిన కట్టెకు ఈ లెక్క చెల్లదు. బూజుమేత ఊరక ఇచ్చినను వలదు.

వరిగడ్డి తప్ప వేరు దొరకనిచో దానిని బలపరచు ఉపాయమున్నది. నూరు కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లేక 60 లీటర్ల నీట పూర్తిగా కరగించి, పొరపొరకును సమముగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ పట్టాతో కప్పి 21 దినములుంచవలెను. పిదప దినమునకు కావలసినంత తీసి, ఘాటు పోవునట్లు ఒక గంట ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఆరు నెలలు నిండని దూడలకు పెట్టరాదు. యూరియా కలిపిన నీరు పశువు త్రాగినచో ప్రాణమునకే ముప్పు; ఆ తొట్టిని అప్పుడే కడిగివేయవలెను.

మరియొక హెచ్చరిక. వాన వెనుకబడి గిడసబారిన లేతజొన్నను, కోసిన మోళ్లనుండి లేచిన పిలకలను ఆకలిగొన్న పశువు మేయనీయకుడు. దానిని మనవారు నాము అందురు. పశువు నిలిచినచోటనే కూలును.

హంద్రీ-నీవా కాలువచే కృష్ణా జలములు మన మండలమందలి జీడిపల్లి జలాశయమునకు చేరినవి. నీరందిన పొలములవారును, బోరున్నవారును ఐదు సెంట్లలో నేపియరు గడ్డి నాటినచో ఎండుమేతకు తోడుగా రోజూ ఒక పిడికెడు పచ్చన దొరకును. అందరికిని ఆ భాగ్యము లేదు గనుక ఎక్కువ చెప్పను.

గడ్డి లారీని ఒక్కడు కొనుటకంటె వీధివారు కలిసి కొనుట మేలు. ఒక ఏడు మా వీధికి వచ్చిన లారీలో పైన ఎండుగడ్డి, లోపల తడిగడ్డి యుండెను, నీటికి సొమ్మిచ్చితిమి. అందుచేత బరువుతో ఒకమారు, దించిన పిమ్మట ఒకమారు కాటా వేయింపుడు. లోపలి చుట్టనొకదానిని విప్పి చేయిపెట్టి చూడుడు.

పశువు, దినపు మేత, దినములు, కావలసినది, ఉన్నది, లోటు అను ఆరు గడులు గీసిన కాగితములను గ్రంథాలయపు బల్లమీద ఉంచితిని. పోవునప్పుడు ఇంటికొకటి తీసికొనిపొండు. నింపుటకు చేతకానివారు ఆదివారము ఉదయము ఇచ్చటికి వచ్చినచో కూర్చుండి నింపుదము.