సైనిక పాఠశాలలో లెక్కలు



పిల్లవాణ్ణి సైనిక పాఠశాలలో చేర్పించాలని ముచ్చటపడే తల్లులు మనలో చాలామందే వున్నారు. ఆ యూనిఫారం, ఆ కవాతు, ఆ నడకలో ఠీవి చూస్తే ఎవరికి ముచ్చట వెయ్యదు చెప్పండి? తీరా దరఖాస్తు నింపే వేళకి అసలు సంగతి తెలుస్తుంది. పదేళ్ళ పిల్లవాణ్ణి ఆ గేటు దాటించేవి లెక్కలు. ఎత్తూ, ఛాతీ, చూపూ అన్నీ డాక్టర్లు తర్వాత చూస్తారు.

ఈ పాఠశాలలు మన దేశంలో 1961లో మొదలైనాయి. అప్పటి రక్షణ మంత్రి వి.కె. కృష్ణమీనన్ పూనికతో ఏర్పడిన వాటిలో మొదటిది మహారాష్ట్రలోని సతారాలో వెలిసింది. ఆ మరుసటి ఏడే, 1962 జనవరిలో, మన విజయనగరం దగ్గర కోరుకొండలో ఒకటి వచ్చింది. రాయలసీమ వాళ్ళు మరో పాఠశాల కోసం 2014 దాకా ఆగవలసి వచ్చింది. అది కలికిరిలో వుంది. ఆరో తరగతిలోనూ, తొమ్మిదో తరగతిలోనూ చేర్చుకుంటారు. ఆరో తరగతికి పిల్లవాడి వయసు మార్చి 31 నాటికి పదీ పన్నెండేళ్ళ మధ్య వుండాలి.

ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు మొత్తం 300 మార్కులు. అందులో లెక్కలకి 150. అంటే సరిగ్గా సగం! భాషకి 50, లోకజ్ఞానానికి 50, తెలివితేటల ప్రశ్నలకి 50. తొమ్మిదో తరగతి పరీక్షలోనూ ఇంతే, 400కి 200 లెక్కలవే. తక్కిన వాటిలో ఎంత చురుకైన పిల్లవాడైనా లెక్కల దగ్గర తడబడితే జాబితాలో పేరు కనబడటం కష్టం.

ఇంత బరువు లెక్కల మీద పెట్టారంటే అదేదో యుద్ధానికి పనికివచ్చే ప్రత్యేక గణితమనుకుంటారు కొందరు. కాదండీ. మామూలు అయిదో తరగతి లెక్కలే. క.సా.గు., గ.సా.భా., భిన్నాలు, దశాంశాలు, సగటు, శాతం, లాభనష్టాలు, బారువడ్డీ, చుట్టుకొలత, వైశాల్యం, కోణాలు, రోమను అంకెలు. వీటిలో మనం ప్రతి రోజూ చెయ్యనిది ఏది? కిలో కందిపప్పు ధర తెలిస్తే ముప్పావు కిలోకి ఎంతో నోటితోనే చెప్పేస్తాం. దాన్నే పుస్తకంలో ఏకవస్తు పద్ధతి అంటారు. చీపుళ్ళమ్మే ఆవిడ నాలుగు రోజులకొకసారీ, పాత పేపర్లవాడు ఆరు రోజులకొకసారీ వీధిలోకి వస్తారనుకోండి. ఇవాళ ఇద్దరూ వచ్చారు. మళ్ళీ ఇద్దరూ ఒకే రోజున ఎప్పుడు వస్తారు? పన్నెండో రోజున. ఇదే క.సా.గు. పరీక్షలో చీపుళ్ళకు బదులు గంటలు మోగుతాయి, దీపాలు వెలుగుతాయి. లెక్క మాత్రం ఇదే.

కష్టమల్లా వేళతో వస్తుంది. మొత్తం 125 ప్రశ్నలకి 150 నిమిషాలు. భాగించి చూడండి, ఒక్కో ప్రశ్నకి 72 సెకన్లు. పాలు పొంగే లోపల ఇటు తిరిగి ఉప్పు డబ్బా అందుకోవడం లాంటిదన్నమాట. ఎక్కాలు పదహారు దాకానన్నా నోటికి రాని పిల్లవాడు ఆ 72 సెకన్లలో సగం గుణకారానికే ఖర్చుపెట్టేస్తాడు. మన చిన్నతనంలో సాయంత్రం దీపాలు పెట్టే వేళ అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు వల్లె వేయించేవారు. ఇప్పుడు అది పాతకాలపు పద్ధతి అని నవ్వుతున్నారు గాని, ఈ పరీక్ష హాల్లో దానికి బదులు మరొకటి లేదు.

ఇంకో సంగతి తల్లులు ముందుగా గుర్తించాలి. ఆరో తరగతి ప్రవేశ పరీక్షను మన తెలుగులో రాయవచ్చు. పల్లెటూరి పిల్లలకు ఇది గొప్ప మేలు. కాని చేరిన తర్వాత పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. తొమ్మిదో తరగతి పరీక్ష అయితే అచ్చంగా ఇంగ్లీషులోనే. తెలుగులో చురుగ్గా చేసి గెలిచిన పిల్లవాడు, మూడు నెలలు తిరక్కుండా, తనకు బాగా తెలిసిన లెక్క ముందే బిక్కమొహం వేసుకుని కూర్చుంటాడు. లెక్క రాక కాదు, దాని పేరు తెలియక. పక్కన అడగడానికి అమ్మ లేదు, నాన్న లేడు, హాస్టలు. అందుకని చివరి సంవత్సరమంతా రెండు పేర్లూ కలిపి చెప్పండి. క.సా.గు. అన్న నోటితోనే ఎల్.సి.ఎమ్. అనండి. లవాన్ని న్యూమరేటర్ అంటారనీ, హారాన్ని డినామినేటర్ అంటారనీ చిన్న నోటుబుక్కులో రాయించండి. మనకు రాకపోతే పిల్లవాడితో కలిసి మనమూ నేర్చుకుందాం, తప్పేముంది?

ఈ 150 మార్కుల కోసం మూడో తరగతి నుంచే పిల్లల్ని కోచింగు హాస్టళ్ళలో పడేసేవాళ్ళు కూడా వున్నారు. నా మనసులో మాట చెబుతాను, కోపగించుకోవద్దు. సైనిక పాఠశాల పదేళ్ళ తర్వాత చేర్చుకుంటానంటుంటే, మనం ఎనిమిదేళ్ళకే పిల్లవాణ్ణి ఇంట్లోంచి పంపేయడమెందుకు? పొద్దున్నే అరగంట, సాయంత్రం అరగంట ఇంట్లో కూర్చోబెట్టి, పాత ప్రశ్నలు గడియారం ముందు పెట్టుకుని చేయిస్తే చాలామంది పిల్లలకి సరిపోతుంది. రాకపోతే? మరో పాఠశాలలో చదువుకుంటాడు. నేర్చుకున్న భిన్నాలు ఎక్కడికీ పోవు.

ఇక లోపలికి వెళ్ళాక ఏం చెబుతారు? అక్కడ నడిచేది సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమమే. ఊళ్ళోని కేంద్రీయ విద్యాలయంలో పిల్లలు చదివే లెక్కల పుస్తకమే కోరుకొండలోనూ చదువుతారు. తేడా దినచర్యలో వుంటుంది. తెల్లవారుజామున వ్యాయామం, పగలు తరగతులు, సాయంత్రం ఆటలు, ఆ పైన ప్రెప్ అనే చదువు గంట. ఒళ్ళంతా అలిసిపోయాక, కళ్ళు మూతలుపడే వేళ బీజగణితం చెయ్యాలి. ఈ అలవాటు ఏ పుస్తకంలోనూ వుండదు.

సైనికుడికి ఇంత లెక్కలెందుకని మా వీధిలో ఒక ఇల్లాలు అడిగింది. మంచి ప్రశ్నే. దండులో అధికారి చేతిలో పటం వుంటుంది. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో సాధారణంగా వాడేది 1:50,000 కొలత. అంటే కాగితం మీద రెండు సెంటీమీటర్లు, నేల మీద ఒక కిలోమీటరు. ఇది నిష్పత్తి కాక మరేమిటి? ఫిరంగి దళాలు కోణాల్ని మిల్ అనే చిన్న కొలతలో లెక్కపెడతాయి. వెయ్యి మీటర్ల దూరాన ఒక మీటరు వెడల్పున్న వస్తువు ఎంత కోణంలో కనిపిస్తుందో, అది ఇంచుమించు ఒక మిల్లు. లెక్క ప్రకారం వృత్తానికి 6,283 రావాలి గాని, భాగించడానికి తేలికగా వుండాలని 6,400 అని పెట్టుకున్నారు. చూశారా, మనం చిల్లర లేనప్పుడు రూపాయి అటూ ఇటూ సర్దినట్లు వాళ్ళూ సర్దుకున్నారు! పదో తరగతిలో పిల్లలు గొణుక్కుంటూ చేసే "ఎత్తులు, దూరాలు" పాఠానికి ఇది అక్కగారి వరస.

ఈ చదువంతా చివరికి చేర్చవలసిన చోటు పూనా దగ్గరి ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్సు అకాడమీ. దాని రాతపరీక్షలో లెక్కల పేపరు 300 మార్కులకి. త్రికోణమితి, మాత్రికలు, కలన గణితం, సదిశలు, సంభావ్యత అన్నీ వుంటాయి. 120 ప్రశ్నలు, 150 నిమిషాలు. భాగిస్తే ఒక్కోదానికి 75 సెకన్లు. పదేళ్ళప్పుడు 72, పదిహేడేళ్ళప్పుడు 75! ఏడేళ్ళు గడిచినా పిల్లవాడికి దొరికింది అదనంగా మూడు సెకన్లే.

అయితే ఒక తిరకాసు వుంది. ఆరో తరగతి పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోదు. అందుచేత తెలియని ప్రశ్నకు కూడా ఏదో ఒకటి గుర్తుపెట్టి రమ్మని మనమే చెప్పి పంపుతాం. అకాడమీ పరీక్షలో ఒప్పుకి రెండున్నర మార్కులు, తప్పుకి 0.83 కోత. నాలుగు ప్రశ్నలు గుడ్డిగా రాస్తే, అదృష్టం మామూలుగా వుంటే ఒకటి తగిలి రెండున్నర వస్తుంది, మూడు తప్పి ఆ రెండున్నరా పోతుంది. చేతికి సున్న. చిన్నప్పుడు మనం నేర్పిన అలవాటును పెద్దయ్యాక మానిపించడం అంత తేలిక కాదు. కాబట్టి ఇంట్లో అభ్యాసం చేయించేటప్పుడు ఊహించి పెట్టిన జవాబుల పక్కన చిన్న చుక్క పెట్టమనండి. ఏది తెలిసి రాశాడో, ఏది తోచినట్లు రాశాడో వాడికే తెలుస్తుంది.

పదకొండో తరగతిలో లెక్కలు వదిలేద్దామనే పిల్లలుంటారు. వదిలితే వైమానిక దళానికీ నౌకాదళానికీ అకాడమీ దారి మూసుకుపోతుంది. ఆ రెంటికీ ఇంటర్మీడియట్ స్థాయిలో ఫిజిక్సు, కెమిస్ట్రీ, మాథ్సు చదివి వుండాలి. పదాతి దళం వైపు ఏ గ్రూపు అయినా ఫరవాలేదు గాని, రాతపరీక్షలో ఆ లెక్కల పేపరు ఎదురుగా వుండనే వుంది.

ఇంతసేపూ పిల్లవాడు, పిల్లవాడు అంటున్నాను. ఆడపిల్లల తల్లులు వింటున్నారా? 2018లో మిజోరంలోని ఛింగ్‌ఛిప్ సైనిక పాఠశాలలో మొదట ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. 2021-22 నుంచి అన్ని సైనిక పాఠశాలల్లోనూ చేర్చుకుంటున్నారు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో అకాడమీ పరీక్షా వాళ్ళకు తెరుచుకుంది. మొదటి జట్టులో 17 మంది అమ్మాయిలు 2025 మేలో శిక్షణ ముగించుకుని కవాతు చేస్తూ బయటికి వచ్చారు. "ఆడపిల్లకి అన్ని లెక్కలెందుకులే" అని మనింట్లో ఇంకా ఎవరో ఒకరు అంటూనే వుంటారు. అది అత్తగారే కానక్కర్లేదు, ఒక్కోసారి మన నోటినుంచే వస్తుంది. ఆ పరీక్షలో అమ్మాయిలకి వేరే ప్రశ్నాపత్రం లేదు. అవే యాభై లెక్కలు, అవే డెబ్భై రెండు సెకన్లు.