వేలిముద్రకు ముందు ఒక ప్రశ్న

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ!

బడికొచ్చే డబ్బు ఎప్పుడూ చాలదు. గోడలకు రంగులు వేయించాలా, ఆడపిల్లల బాత్రూములకు నీళ్ళ మోటారు బాగుచేయించాలా? ఒకదానికి పెడితే ఇంకోటి ఆగుతుంది. అది తేల్చడంలో ఊరి మాట ఉండాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, గ్రాంటు ఖర్చు సరిచూడడం వాళ్ళ పని. మన ఏజెన్సీలో పంచాయతీ ఖర్చుకు గ్రామసభ ధ్రువపత్రం ఉండాలని 1996 పెసా చట్టం కూడా చెబుతోంది.

మరి సమావేశంలో జరిగేదేమిటి? కూలి మానుకుని వచ్చిన అమ్మ వెనక కూర్చుంటుంది. తీర్మానం తెలుగులో గబగబా చదువుతారు. ఆమెకు బాగా తెలిసింది కోయ మాట. రిజిస్టరు వస్తే వేలిముద్ర వేసి వెళ్ళిపోతుంది. మోటారు పనిచేయకపోతే బిందె పట్టుకుని వాగుకు వెళ్ళేది ఆమె కూతురే.

మీకు చదువూ వచ్చు, మన మాటా వచ్చు. ఆ రోజు అమ్మ పక్కన కూర్చోండి. ఎంత వచ్చింది, దేనికి పెట్టారు, ఏది తగ్గించారు? ఈ మూడూ కోయలో చెప్పండి. ఆమెనే అడగనివ్వండి. హాస్టల్‌కు వచ్చి నా లెక్కలూ అడగండి, చూపిస్తాను. ఊరు ఒప్పుకున్న ఖర్చుకు ఊరే అండ.