కొండ చాటు హెలికాప్టర్‌ కనిపించేదెలా?



2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు రోడ్లు తెగిపోయిన అడవి ఊళ్లకు హెలికాప్టరే దిక్కు. కానీ పాపికొండల లాంటి చోట తక్కువ ఎత్తులో ఎగిరేదాన్ని దూరాన ఉన్న రాడార్‌ చూడలేదు. దాని తరంగం తిన్నగా పోతుంది, కొండ అడ్డొస్తే అక్కడితో సరి. పైలట్‌ రేడియో మాటకూ అదే ఇబ్బంది.

అడవిలో వెతుకులాట ఎంత కష్టమో 2009లో చూశాం. సెప్టెంబర్‌ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్‌తో నల్లమల మీద సంబంధాలు తెగాయి. పావురాలగుట్టపై శకలాలు కనిపించేసరికి మర్నాటి ఉదయమైంది.

ఇప్పుడు ఏడీఎస్‌-బీ అనే పరికరం ఉంది. తానెక్కడున్నదీ, ఎంత ఎత్తులో ఉన్నదీ విమానమే సెకనుకు సుమారు రెండుసార్లు చాటుతుంది. నేల మీది యాంటెన్నాకు ఆ చాటింపు అందకుండా కొండ అడ్డుపడొచ్చు, ఆకాశానికి అడ్డేముంది? అందుకే 2019 నుంచి దాదాపు 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగే 66 ఇరిడియం ఉపగ్రహాలు దాన్ని పైనుంచి వింటున్నాయి. ఒక మెలిక మాత్రం ఉంది. యాంటెన్నా హెలికాప్టర్‌ పొట్ట కిందే ఉంటే పైకి సరిగా వినబడదు. పైభాగానా ఒకటి ఉండాలి.

కూలితే అపాయ సంకేతం పంపే బీకన్‌ వేరు. 406 మెగాహెర్ట్జ్‌పై అది పెట్టే కేకను ఉపగ్రహాలు అందుకుంటాయి, బెంగళూరులోని ఇస్రో కేంద్రం సహాయక బృందాలకు చేరవేస్తుంది. ఆ బీకన్‌ను పరీక్షించకుండా ఏ హెలికాప్టర్‌నూ అడవి మీదికి పంపకూడదు.