లారీ ఆగడానికి చోటు కావాలి
(సభ్య సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించి, దాణా ధర గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాము. ఈ రోజు మన పాలు మోసే బండిని నడిపే మనిషి గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

జగిత్యాల, కోరుట్ల 63వ జాతీయ రహదారి మీద ఉన్నాయి. సిరిసిల్ల కామారెడ్డి - కరీంనగర్ దారిలో ఉన్నది. ధాన్యం, మామిడి, పసుపు, మరమగ్గాల బట్ట మోసే లారీలకు ఇవే దారులు. రాత్రి నిద్ర ముంచుకొస్తే, చోటు తెలియని డ్రైవరు రోడ్డు అంచునే ఆపి పడుకుంటాడు. డీజిలు దొంగల భయం అతనిది. తెల్లవారకముందే క్యాన్లు కట్టుకొని మోటారు సైకిలు మీద వచ్చే మన సభ్యునికి చీకట్లో ఆ లారీ కనబడదు. కనుక ఇది డ్రైవర్ల కష్టం మాత్రమే కాదు, మన ఇంటి కష్టం కూడా.

2025 వరకు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరుకు రోజుకు 8 గంటల పని ఉండేది. 5 గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉండేది. ఇతరులకు ప్రమాదం కలిగే చోట బండి నిలపరాదని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను చెబుతున్నది. రెండూ న్యాయమైనవే. మరి ఆగే చోటు ఏదీ?

అమెరికాలో 2009లో జేసన్ రివెన్‌బర్గ్ అనే డ్రైవరు సరుకు దించే వేళకు ముందే చేరువకు వచ్చి, మూతపడిన పెట్రోలు బంకులో లారీ ఆపుకొని దొంగ చేతిలో హతుడయ్యాడు. అతని పేరిట 2012లో చట్టం వచ్చింది. 2019 నుంచి అక్కడి ఎనిమిది రాష్ట్రాలు లారీల నిలుపుదల స్థలాల్లో ఖాళీలను యంత్రాలతో లెక్కించి, రోడ్డు పక్క బోర్డుల మీద, ఫోన్లలో డ్రైవర్లకు తెలుపుతున్నాయి.

మన దేశంలో జాతీయ రహదారుల సంస్థ 2023లో 'రాజ్‌మార్గ్‌యాత్ర' యాప్ తెచ్చింది. దారి పక్క సౌకర్యాలు అందులో చూడవచ్చు. ఆపదలో 1033 నంబరుకు ఫోను చేయవచ్చు. రహదారుల వెంట తొలి విడతగా 1,000 విశ్రాంతి భవనాలు కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. అయితే ఫోను ఉన్న చోటును చూపగలదే గాని, లేని చోటును తేలేదు.

ఆ చోటు మన దగ్గర ఉన్నది. పాల శీతలీకరణ కేంద్రాల ఆవరణలు చాలా వరకు రాత్రిపూట ఖాళీగానే ఉంటాయి. ఒక దీపం, తాగునీరు, మరుగుదొడ్డి, కాపలా మనిషి ఉంటే చాలు. ఆ ఆవరణను ఫోను పటంలో గుర్తించి, ఎన్ని బండ్లకు ఖాళీ ఉన్నదో కాపలాదారు సాయంత్రం వాట్సాప్‌లో తెలిపితే సరిపోతుంది.

పరాయి లారీని రానిస్తే మన క్యాన్లకు దిక్కెవరని కొందరు అడగవచ్చు. ముందు మన ట్యాంకర్లకు, దాణా లారీలకే అవకాశం ఇద్దాము. బండి నంబరు, డ్రైవరు ఫోను నంబరు రిజిస్టరులో రాయిద్దాము. కుదిరితే ఇతరులకు తెరుద్దాము.

ఇంకొక మాట. ట్యాంకరుకు జీపీఎస్ ఉన్నచోట, "ఎంత దూరం వచ్చావు?" అని అడగడానికే దాన్ని వాడవద్దు. డ్రైవరు ఎన్ని గంటలుగా ఆగలేదో కూడా చూడాలి. 4 డిగ్రీలకు చల్లార్చి, వేడి చొరని ట్యాంకరులో నింపిన పాలు అరగంట ఆగినంత మాత్రాన విరిగిపోవు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతి సంఘం ఈ విషయం చర్చించి, తీర్మానం పంపవలసిందిగా కోరుతున్నాము.