లెక్క తప్పని మాయ

1912లో తాడిపత్రిలో జన్మించిన కదిరి వెంకటరెడ్డిగారు, అనగా మన కె.వి.రెడ్డిగారు, చిత్రరంగమున తొలుత క్యాషియరు. పద్దులు విడిచినను ఆ లెక్క ఆయనను విడువలేదు. ‘భక్త పోతన’తో దర్శకులైన పిమ్మట, చిత్రీకరణకు ముందే సంభాషణలు చదివించి, నటుల కదలికలతోసహా ప్రతి దృశ్యమునకు పట్టు కాలమును స్టాప్‌వాచితో కొలిచి, ఆ నిడివికే కట్టుబడి తీయుట ఆయనకు అలవాటైనది. గడియారము పట్టినచోట ఊహ ఎండిపోవును గదా, అందురేమో! ఎండలేదు. 1957 నాటి ‘మాయాబజారు’ చూడుడు. పాండవులు తెరపై కనబడనే కనబడరు. ఐనను అది భారతకుటుంబకథయే. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చినప్పుడు, శశిరేఖగా నటించిన సావిత్రిగారి నడకను గమనింపుడు: చీర శశిరేఖది, అడుగు మాత్రము రాక్షసునిది. మా మటుకు, చిత్రమంతటిలోను మరల మరల చూడదగిన ఘట్టమదియే.