పాత బెంచివైసులు – వాని జీర్ణోద్ధరణము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో ప్రసంగింతునని మీలో పలువురు తలంచియుందురు. నేను పండితుల సన్నిధిని కావ్యములు చదివినవాడను కాను. పగలెల్ల జమాఖర్చులు వ్రాసి, రాత్రివేళ ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి, ఒకవైపున నిఘంటువును, మరియొకవైపున కావ్యమును పెట్టుకొని పద్యములు కూడదీసికొన్నవాడను. అట్టివాడు నేడు ఇనుమును గూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. కాని ఈ విషయమున నేనొక అప్పు పడియున్నాను. లెక్కలు వ్రాయువాడు తన అప్పును పదిమందిలో ఒప్పుకొనుట న్యాయము.

ఐదేండ్ల క్రిందట, నేను లెక్కలు వ్రాయు సంఘమువారు తమ పాత మరమ్మతుకొట్టమును ఖాళీ చేయదలచిరి. పనికిరాని వస్తువుల పట్టీ వ్రాయు పని నాపై పడెను. విరిగిన పంపులు, చెడిన మోటార్లు, వాని నడుమ తుప్పుపట్టి బిగిసిపోయిన వైసు ఒకటి. దాని దవడలమీద పిచ్చుక గూడు కట్టియుండెను. నేను దానిని తూకము వేయించి, “పాత ఇనుము, ఒకటి, 35 కిలోలు” అని వ్రాసితిని. కిలో 30 రూపాయల చొప్పున 1,050 రూపాయలు జమ అయినవి. లెక్క సరిపోయినది. నేను సంతోషించితిని.

మరునాడు ఆ కొట్టములో ముప్పదియేండ్లు పనిచేసిన వృద్ధ కమ్మరి, మన ఆచారిగారు, కచేరీ మెట్లమీద వచ్చి కూర్చుండెను. కరణీకములు 1984లోనే రద్దయినను, మా తండ్రిగారిని పిలిచిన పిలుపుతోనే ఊరివారు నన్నును పిలుతురు. “కరణంగారూ, తమరు దాని బరువు రాశారు. పేరు రాయలేదు. పేరు దాని ఒంటిమీదే ఉందే, చూడలేదా?” అని ఆయన అడిగెను. నేను చూడలేదు. ఆ సాయంకాలమే పట్టణమునకు పోయి, పాత ఇనుము వర్తకుని దొడ్డిలో వెదకితిని. అప్పటికే సమ్మెటతో దానిని మూడు తునకలు చేసియుండిరి. ఒక తునకమీది మట్టి తుడిచి చూడగా, రంగుపొరల క్రింద “షెఫీల్డు” అను అక్షరములు ఉబ్బెత్తుగా కనబడినవి. సముద్రములు దాటి వచ్చి, ఈ ప్రాంతపు నాగళ్లకును, మోటార్లకును ఊడిగము చేసిన పనిముట్టును నేను ఒక్క కలపుపోటుతో చంపితిని. నా అప్పు అది.

ఇక వైసు సంగతి చెప్పెదను. రెండు ఉక్కు దవడలు, వానిని దగ్గరకు లాగు మర, ఆ మరను త్రిప్పుటకొక పిడికమ్మి: ఇంతియే దాని శరీరము. కాని దాని బలమును లెక్కవేసి చూడుడు. పిడికమ్మి మధ్యనుండి కొసకు పది అంగుళములు అనుకొందము. ఒక చుట్టు త్రిప్పినచో మన చేయి సుమారు 63 అంగుళములు తిరుగును. మరచుట్టు పావు అంగుళమైనచో, దవడ ముందుకు జరుగునది పావు అంగుళమే. అనగా చేతిబలము లెక్కప్రకారము 250 రెట్లు కావలెను. రాపిడి ఇందులో అధికభాగమును మ్రింగివేయును. మిగిలినదే ఇనుమును కదలకుండ పట్టుటకు చాలును. ఆ రాపిడియు వ్యర్థము కాదు. మనము చేయి తీసిన పిదప మర తనంతట వెనుకకు తిరుగకుండ కాపాడునది అదియే.

మనవారు గట్టిపట్టును ఉడుముపట్టు అందురు. భాగవతములో మకరి గజేంద్రుని కాలు పట్టిన కథ మీరెరిగినదే. ఆ పట్టు విడిపించుటకు సాక్షాత్తు విష్ణువు దిగిరావలసి వచ్చెను. వైసు పట్టు అట్టిది కాదు. విడువుమన్నప్పుడు విడుచును. పట్టలేని వైసు ఎంత నిష్ప్రయోజనమో, విడువలేని వైసు అంత నిష్ప్రయోజనము. తుప్పు చేయు అపకారమంతయు ఈ రెండవది: మరను నట్టులో బిగించి, పనిముట్టును బండరాయిగా మార్చును.

పాత వైసును బాగుచేయుట చిన్నపని అనువారికి ఒక కథ చెప్పెదను. సామ్యూల్ స్మైల్స్ 1863లో ప్రకటించిన పారిశ్రామికుల చరిత్రలో ఇది ఉన్నది. హెన్రీ మాడ్‌స్లే 1771లో జన్మించెను. వూలిచ్ ఆయుధాగారములో పని నేర్చి, పదునెనిమిదేండ్ల ప్రాయమున లండనులో తాళములు చేయు జోసెఫ్ బ్రామా కడకు పోయెను. ఏడేండ్లు శిష్యరికము చేయని కుర్రవానిని పనివాండ్రు తమలో ఒకనిగా అంగీకరింపరని అక్కడి మేస్త్రీ సందేహించెను. ఆ పనిశాలలో దవడలు అరిగిన వైసు ఒకటి పడియుండెను. సాయంకాలము ఆరుగంటలలోపల దీనిని క్రొత్తదానివలె చేసినచో నన్ను పనివానిగా ఎంచుదురా అని మాడ్‌స్లే అడిగెను. కోటు విప్పి, దవడలకు ఉక్కు అతికి, ఆకురాయితో సరిచేసి, పండ్లు కోసి, పదునుపెట్టి, గడువులోపల ముగించెను. మేస్త్రీ మారుమాట లేక ఒప్పుకొనెను. 1800 ప్రాంతమున ఆ మాడ్‌స్లేయే మరచుట్లను ఖచ్చితముగా కోయు లేతు యంత్రమును తీర్చిదిద్ది, ఒకదానినిబోలిన మర మరియొకటి చేయుటకు మార్గము సుగమము చేసెను. అంతటివానికి కొలువు సంపాదించి పెట్టినది ఒక పాత వైసు జీర్ణోద్ధరణమే.

అంతకు పూర్వపు కమ్మరి వైసులు వేరు. వానికొక పొడవైన కాలు ఉండును. సమ్మెటదెబ్బ ఆ కాలిగుండ భూమిలోనికి దిగిపోవును. వాని నట్టులోని మరచుట్టు కోసినది కాదు. ఇనుపపట్టీని చుట్టగా చుట్టి, గొట్టములో ఇమిడ్చి, ఇత్తడి కరగించి అతికినది. పోతఇనుప బెంచివైసులు పందొమ్మిదవ శతాబ్దమున విరివిగా వచ్చినవి. షెఫీల్డులో 1898లో ఆరంభమైన హాంప్టన్ సోదరుల కార్ఖానావారి రికార్డు వైసులు, అమెరికాలో మెరిడెన్ పట్టణపు పార్కరు వైసులు, 1941లో చికాగోలో పుట్టిన విల్టన్ వైసులు, వీనిని నేటికిని వెదకి సేకరించువారు పలుదేశములలో కలరు. విల్టనులో లెక్కలవానికి ముచ్చట గొలుపు విశేష మొకటి కలదు. జరుగు దవడ అడుగున ఉన్న చిన్న బిళ్లమీద నెల, సంవత్సరము ముద్రింపబడి యుండును. చాలవానిమీద అది చేసిన తేది కాదు, ఐదేండ్ల హామీ ముగియు తేది. 1957 అని యున్నచో అది 1952లో చేసినదని గ్రహింపవలెను. పుట్టినతేదిని గడువుతేదినుండి తీసివేతచే కనుగొనుట ఇందే చూచితిని.

ఇక నా రెండవ తప్పు. ఆచారిగారి అప్పు తీర్చవలెనని పాతసామానుల దుకాణములు తిరిగి, బిగిసిపోయిన వైసు నొకదానిని కొని తెచ్చితిని. ఆయనకు చూపకముందే బాగుచేసి ఆశ్చర్యపరుపవలెనని నా కోరిక. పిడికమ్మికి నలుబది అంగుళముల ఇనుపగొట్టము తొడిగి, ఇద్దరు యువకులతో త్రిప్పించితిని. పది అంగుళములకు నలుబది అంగుళములు; బలము నాలుగింతలు. గుణకారము తప్పలేదు. నట్టు ఉన్నచోట వైసు శరీరము అడ్డముగా పగిలినది. ఆచారిగారు ఆ పగులును వ్రేలితో తడవి, “ఇనుమంటే మొండిదనుకున్నారు. పోతఇనుముది గాజు బుద్ధి, కరణంగారూ. బలం చూపితే పగులుతుంది, ఓపిక చూపితే కదులుతుంది” అనెను. ఆ పగిలిన వైసు నేటికిని నా బల్లక్రింద నున్నది. తొందర కలిగినపుడెల్ల దానిని చూచుకొందును.

ఆయనకడ నేర్చినది క్లుప్తముగా చెప్పెదను. యువకులు గమనింతురు గాక. మొదట కిరసనాయిలులో కొంత ఇంజను నూనె కలిపి, మరకును నట్టుకును అందునట్లు ఉదయ సాయంకాలములు పోయవలెను. మూడునాళ్లో, పదినాళ్లో పట్టవచ్చును. తరువాత కొయ్యసుత్తితో మెల్లగా తట్టి, పిడికమ్మిని వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనుకకు ఆడింపవలెను. కదలిన వెంటనే పూర్తిగా త్రిప్పరాదు. తుప్పుపొడి చుట్లలో చిక్కి మరల బిగియును. విడదీసిన ప్రతి మేకును, ప్రతి బిళ్లను ఏది ఎచ్చటిదో కాగితముపై వ్రాసికొనవలెను. ఈ ఒక్క పనిలో మాత్రము ఆచారిగారు నన్ను మెచ్చుకొనిరి.

తుప్పు తీయుటకు విద్యుత్తుతో ఒక ఉపాయము కలదు. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి, బట్టలసోడా కలిపి, వైసు భాగమును బ్యాటరీ చార్జరు ఋణధ్రువమునకు, పనికిరాని ఇనుపరేకును ధనధ్రువమునకు తగిలించి, రెండును ఒకదానినొకటి తాకకుండ ముంచవలెను. ఎర్రని తుప్పు నల్లని బురదయై తుడిస్తే పోవును. క్రింది ఇనుము అరుగదు. కాని ఇందు మండెడి వాయువు పుట్టును గనుక ఆరుబయట చేయవలెను, దీపము దరిజేర్పరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకును వాడరాదు. దానినుండి విషపదార్థము నీటిలో కలియును. కరెంటు ఆపిన పిదపగాని తొట్టిలో చేయి పెట్టరాదు. పాతరంగులలో సీసము ఉండవచ్చును. వానిని పొడిగా గీకి దుమ్ము లేపుట పిల్లలున్న ఇంట ప్రమాదము.

బాగుచేయుటలో తీయవలసినదెంతో, తీయకూడనిదెంతో తెలియుటయే విద్య. తుప్పును తీయవలెను. కంపెనీ పేరున్న అక్షరములను ఆకురాయితో రుద్ది నునుపు చేయరాదు. దవడల పండ్లు అరిగిపోనిచో వానిని ముట్టరాదు. ఎవడో పనివాడు అంచుమీద పెట్టిన ఉలిగాటు ఉండనిండు. అది వాని దస్కతు. ప్రాచీనప్రతిని పరిష్కరించు పండితుడు లేఖకుని తప్పును దిద్దునుగాని, కవి మాటను దిద్దడు. ఇదియు అట్టిదే. పని ముగిసిన పిదప నూనె పూసి, మరకు గ్రీజు పెట్టి, మెరుగులకన్న ముందు ఒక్క పరీక్ష చేయవలెను: పట్టుచున్నదా, విడుచుచున్నదా?

మూడవ వైసు ఈ పరీక్షలో నెగ్గినది. ఈ ఐదేండ్లలో అట్టివి ఏడు నాయింట చేరినవి. మొదట అవి వరుసగా నిలిచియుండుట చూచి ఆనందించితిని. ఒకనాడు విరాటపర్వము మరల చదువుచుండగా జమ్మిచెట్టుకడ ఆగితిని. పాండవులు ఆయుధములను ఆ చెట్టుమీద దాచినది పూజించుటకు కాదు. ఏడాది గడచిన పిదప దించి, పట్టి, గోగ్రహణమున వాడుటకు. దసరానాడు పసుపు కుంకుమ పెట్టి, తక్కిన దినములలో మూలను పడవేసిన పనిముట్టుకు, నా పట్టీలోని “పాత ఇనుము”కు భేదమేమున్నది? నాయింటి ఏడు వైసులును నాకప్పుడు ఏడు తాళము వేసిన గదులవలె తోచినవి.

కావున కార్యవర్గమువారికి నాదొక విన్నపము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకములను బీరువాలో దాచలేదు, ఇంటింటికి ఎరువిచ్చినది. వెనుకనున్న ఖాళీ వసారాలో ఒక గట్టిబల్ల వేయించినచో, ఆ మూడవ వైసును నేను సమర్పింతును. సైకిలు బాగుచేసికొను పిల్లవాడు, పంపుసెట్టు విప్పుకొను రైతు, కత్తిపీట పిడి సరిచేసికొను ఇల్లాలు దానిని వాడుకొందురు. దానిని పరిగ్రహణ పట్టికలో పుస్తకమువలెనే వ్రాయుడు: పేరు, ఊరు, సంఖ్య. బరువు మాత్రము వ్రాయవలదు.

మొన్న ఆచారిగారిని రిక్షాలో కూర్చుండబెట్టి ఆ వసారాకు తీసికొని వచ్చితిని. ఇప్పుడాయనకు చూపు ఆనదు. వైసును తడవి, అక్షరములను వ్రేళ్లతో చదివి, జేబులోని తాళపుచెవిని దవడలనడుమ పెట్టి పిడికమ్మి త్రిప్పెను. లాగి చూచెను, రాలేదు. వెనుకకు త్రిప్పెను, తాళపుచెవి అరచేతిలో పడినది. “పట్టింది, వదిలింది. ఇంకేం కావాలి, కరణంగారూ?” అనెను. నా అప్పు తీరినదని ఆయన అనలేదు, నేనును అడుగలేదు. ఆ ఖాతా తెరచియుండుటయే మేలు. అది తెరచియున్నంతకాలము, పట్టీలో ఏ వస్తువునైనను వ్రాయుటకు ముందు ఒకమారు వంగి, దాని ఒంటిమీద ఏమున్నదో తుడిచి చూతును.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము కూడ జరుపుకొనుగాక!